కృష్ణా డెల్టాలో తోలుపని: పనిముట్లు, పనితనం

కృష్ణా డెల్టాలో తోలుపని అంటే నిజానికి రెండు పనులు. పచ్చితోలు కుళ్లిపోకుండా పదును చేయడం మొదటిది. పదునైన తోలును కోసి, కుట్టి చెప్పుగా, వారుగా, సంచిగా మలచడం రెండోది. ఒకప్పుడు ఈ రెండూ ఒకే వాడలో, చాలాచోట్ల ఒకే ఇంట్లో సాగేవి. సున్నపు గొయ్యి, లంద, గీకుడు కత్తి మొదటి పనికి. రంపె, ఆరె, గూటం రెండో పనికి. విజయవాడ వన్‌టౌన్ సందుల్లోనో, బీసెంట్ రోడ్డు మలుపులోనో గొడుగు కింద కూర్చుని చెప్పులు కుట్టే మనిషి ముందు పరిచి ఉన్నది ఆ పాత సరంజామాలో సగమే. మిగతా సగం ఎటు పోయిందో తెలియాలంటే పనిముట్ల కంటే ముందు నీళ్ల సంగతి చూడాలి.

కాలువ వచ్చాక

మెట్ట సేద్యంలో బావి నీళ్లు పైకి తోడింది తోలే. మోట అన్నా కపిల అన్నా ఒకటే ఏర్పాటు: గేదె తోలుతో కుట్టిన పెద్ద బొక్కెన, దాని అడుగున ఏనుగు తొండంలా వేలాడే తోలు గొట్టం. ఎడ్లు పల్లంలోకి నడుస్తుంటే లావు మోకు బొక్కెనను పైకి లాగుతుంది. సన్నతాడు తొండం మూతిని పైకి మడిచి పట్టి ఉంచుతుంది. బొక్కెన గట్టు అందుకోగానే తొండం తొట్టిలోకి వాలి నీళ్లు వాటంతట అవే పడిపోతాయి. వంచి పోసే మనిషి అక్కర్లేదు. ఈ ఏర్పాటుకు ప్రాణం తొండం కుట్టు. అది చెమర్చిందంటే ఎడ్ల కష్టంలో సగం తిరిగి బావిలోకే. అందుకే బావుల మీద బతికే ఊళ్లో తోలుపనివారు వడ్రంగితోనూ కమ్మరితోనూ సమానంగా సేద్యానికి అవసరమైనవారు. సమానంగా చూశారా అన్నది వేరే ప్రశ్న, దానికి తరవాత వద్దాం.

సర్ ఆర్థర్ కాటన్ సూచించిన పథకం మేరకు, కెప్టెన్ చార్లెస్ ఆర్ పర్యవేక్షణలో బెజవాడ దగ్గర ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో పూర్తయింది. దాని స్థానంలో ఇప్పుడున్న ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. కాలువ పారిన పొలానికి మోటతో పని లేదు. గుడివాడ, తెనాలి, రేపల్లె వైపు ఊళ్లలో తోలుపనికి ఉన్న అతిపెద్ద గిరాకీ అలా పలచబడింది. నందిగామ, జగ్గయ్యపేట, తిరువూరు మెట్టల్లో మాత్రం ఇంజన్లు, కరెంటు మోటార్లు వచ్చేదాకా మోట తిరుగుతూనే ఉంది. పైగా డెల్టా వరి మడిలో చెప్పులతో దిగేవాళ్లు లేరు. బురదలో చెప్పు కాలికి కాపు కాదు, బరువు. ముళ్లూ పల్లేర్లూ ఉన్న మెట్టలో చెప్పు పనిముట్టు, డెల్టాలో అది ఊరి బయటి దారికీ, పట్నం ప్రయాణానికీ, కాస్త హోదాకీ సంబంధించిన వస్తువు.

మరి డెల్టాలో తోలుకు ఏం పని మిగిలింది? ఎడ్ల మెడకు గజ్జెల పట్టెడలు, చర్నాకోల కొసన తోలు తాళ్లు, బండి పట్టీలు, కమ్మరి కొలిమికి మేకతోలు తిత్తి, జాతరకూ చావుకూ డప్పు, హరికథకూ కూచిపూడి భాగవతానికీ మృదంగం. మెట్ట తోలుపని మందం మీద, నీళ్లు కారని కుట్టు మీద నిలబడితే డెల్టా తోలుపని వారు మీద, వాద్యం మీద, దారిన నడిచే చెప్పు మీద నిలబడింది. ఈ తేడాను ఎత్తిచూపిన రచనలు అరుదు. తెలుగునాట తోలుపని అంతా ఒకే మూస అన్నట్టే రాస్తారు.

రోజువారీ పనికి కూలి డబ్బు రూపంలో ఉండేది కాదు. కళ్లం మీద ధాన్యం నూర్చినప్పుడు రైతు కొలిచి ఇచ్చే మేరే ఏడాది జీతం. దానికి బదులుగా ఆ రైతు ఇంటి చెప్పులు, వార్లు, వాటి మరమ్మతులన్నీ చేసిపెట్టాలి. చచ్చిన గొడ్డును ఊరి బయటికి మోసుకెళ్లడం కూడా ఆ లెక్కలోనే పడేది. గొడ్డు తోలు పనివారికి దక్కేది. ముడిసరుకు అలా వచ్చేది కాబట్టి తోలుపనిలో పెట్టుబడి కంటే చాకిరీ ఎక్కువ.

లంద పని

తోలు పదును చేయడానికి నాలుగు కావాలి: తోలు, నీరు, సున్నం, చెక్క. ఇక్కడ చెక్క అంటే చెట్టు బెరడు. డెల్టాలో మొదటి మూడింటికీ కొరత లేదు. వరిగడ్డి మేసే గేదెలు ఊరి నిండా ఉంటాయి, కాలువ పక్కనే పారుతుంది, సముద్రతీరం దగ్గర కాబట్టి గుల్లలు కాల్చి చేసిన గుల్లసున్నం దొరుకుతుంది. కానీ తోలుకు అన్నిటికంటే మేలైన తంగేడు నీళ్లు నిలిచే వరి నేలల్లో పెరగదు. అది మైలవరం, నందిగామ వైపు మెట్ట పొలాల్లో, రాతి నేలల్లో పొదలుగా మొలిచే మొక్క. డెల్టా గట్ల మీద పుష్కలంగా దొరికేది నల్లతుమ్మ. ఏ చెక్క దొరికితే తోలు ఆ రంగుకూ, ఆ గుణానికీ తిరుగుతుంది. తంగేడు చెక్కతో పదునైన తోలు లేత రంగులో, మెత్తగా, సాగే గుణంతో ఉంటుంది. తుమ్మచెక్కతో చేసినది ఎర్రగా, బిరుసుగా, బరువుగా తేలుతుంది. చెప్పు అడుగుకు అదే మేలు. తంగేడు తోలుకు ఒక దోషం ఉంది: ఎండ తగిలితే ఎర్రబడుతుంది. దాన్ని అణచడానికి చివర్లో కరక్కాయ నీళ్లలో ముంచేవారు. పసుపు తిరిగిన ఆ లేత రంగు అలా నిలబడేది.

పని తోలు వలవడంతోనే మొదలవుతుంది. కత్తి మొన తోలులోకి దిగితే ఆ గాటు తరవాత ఎన్ని లందల్లో నానినా పూడదు. అందుకని గాటు పెట్టేది పొట్ట మధ్యన, కాళ్ల లోపలి వైపున మాత్రమే; మిగతా చోట్ల పిడికిలితో నెట్టి, గుద్ది తోలును కండనుంచి విడదీస్తారు. డెల్టా ఎండలో, ఆ ఉక్కలో, తోలు కొన్ని గంటల్లోనే చెడిపోతుంది. వెంటనే ఉప్పు పట్టించాలి, లేదా నేరుగా సున్నపు గోతిలో వేయాలి. సున్నంలో కొన్ని రోజులు నానాక వెంట్రుక వేళ్లు వదులవుతాయి. అప్పుడు తోలును ఏటవాలుగా నిలిపిన నున్నటి దుంగ మీద పరిచి, రెండు చివర్లా పిడి ఉన్న కత్తితో పైనుంచి కిందికి గీకుతారు. వెంట్రుక వైపు మొద్దు అంచు, కండ వైపు వాడి అంచు. లోపలి కొవ్వు, పొరలు ఏమాత్రం మిగిలినా అక్కడికి చెక్క నీరు ఎక్కదు. ఆ మచ్చ దగ్గర తోలు పచ్చిగా ఉండిపోయి ఏడాది తిరక్కుండా పురుగు పడుతుంది.

సున్నం కడిగేశాక తోలు లందలోకి వెళుతుంది. లంద అంటే చెక్క నీళ్లు నింపిన తొట్టి లేదా గొయ్యి. తోలులోని మాంసకృత్తుల పోగులను బెరడులోని టానిన్ పట్టుకుని, కుళ్లు పట్టకుండా చేస్తుంది. తంగేడు చెక్కలో నూటికి సుమారు 18 పాళ్లు టానిన్ ఉంటుంది, కరక్కాయలో 30 పైనే. కానీ ఎక్కువ ఉంది కదా అని మొదటి రోజే చిక్కటి నీళ్లలో ముంచితే తోలు పైపొర బిగుసుకుపోయి లోపలికి దారి మూసుకుపోతుంది. అందుకే పాతబడి పలచబడిన నీళ్లతో మొదలుపెట్టి, వారాల తరబడి చిక్కదనం పెంచుకుంటూ పోతారు. ఊళ్లలో ఇంకో దారి కూడా ఉండేది: తోలునే సంచిలా కుట్టి, లోపల దంచిన చెక్కా నీళ్లూ నింపి, చెట్టుకొమ్మకో గుంజకో వేలాడదీయడం. నీళ్లు తోలు గుండా మెల్లగా ఊరుతూ బయటికి కారుతుంటాయి, కారిన నీళ్లను పట్టి మళ్లీ పైన పోస్తారు. గొయ్యి కంటే ఇది త్వరగా తెమిలేది. కుట్టిన అంచులు మాత్రం వృథా అయ్యేవి. పదును పూర్తయిందో లేదో తేల్చే పరీక్ష చిన్నది. తోలు అంచున సన్నటి ముక్క కోసి దాని మందాన్ని చూస్తారు. మధ్యలో తెల్లటి గీత కనిపిస్తే లోపల ఇంకా పచ్చి.

ఆఖరున నూనె. కానుగనూనె గానీ నువ్వులనూనె గానీ తడి ఆరీ ఆరకుండా ఉన్నప్పుడే పట్టించి, నీడన ఆరబెడతారు. ఎండలో ఆరిన తోలు పెళుసెక్కుతుంది.

ఈ పద్ధతుల గురించి చదవదగ్గ రచన ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ 1904లో మద్రాసు ప్రెసిడెన్సీలోని తోళ్ల పదును, తోలుపని మీద ప్రచురించిన నివేదిక. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన దక్షిణ భారత కులాల, తెగల గ్రంథమాల నాలుగో సంపుటంలో మాదిగల గురించిన వ్యాసం కూడా ఉపయోగపడుతుంది. అయితే అది బయటి అధికారి చూపుతో రాసినదని గుర్తుంచుకుని చదవాలి. ఛాటర్టన్ కేవలం రాసి ఊరుకోలేదు. చెట్టు చెక్కకు బదులు క్రోమియం లవణాలతో తోలు పదును చేసే పద్ధతిని మద్రాసులో ప్రవేశపెట్టాడు. ఆ క్రోమ్ తోలుతో మొదట చేయించిన వాటిలో మోట బొక్కెనలు కూడా ఉన్నాయి; అది నీళ్లలో ఎక్కువ కాలం మన్నుతుంది కనుక.

లందకు అసలు దెబ్బ మాత్రం రసాయనాల కంటే రైలు వల్ల తగిలింది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన కట్టాక బెజవాడ నాలుగు వైపులా కలిపే జంక్షన్ అయింది. ఉప్పు పట్టించిన పచ్చితోళ్లను బండెక్కించి మద్రాసు పంపడం, ఇంటి దగ్గర వారాల పాటు లందలో తిప్పడం కంటే తేలిక. మద్రాసు పెరియమేట తోళ్ల మార్కెట్టు, ఆ వెనక ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట తోళ్ల కర్మాగారాలు ఆంధ్ర తోళ్లను పీల్చుకున్నాయి. ఊళ్లో వలిచిన తోలు ఊరు దాటి, పదునై, ధర పెరిగి తిరిగి చెప్పులు కుట్టేవాళ్ల చేతికే కొనుగోలు సరుకుగా వచ్చింది. అంతకు ముందు కూడా తోళ్ల వ్యాపారం లేదని కాదు. ఒంగోలు బాప్టిస్టు మిషన్ తొలి క్రైస్తవుల్లో ప్రముఖుడైన ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల బేరగాడే. ఆ బేరం మీద ఉత్తరానికి, ఏలూరు వైపు తిరిగినప్పుడే కొత్త మతం మాట అతని చెవిన పడింది. ఆ మిషన్ నడిపిన జాన్ క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో వెలువరించిన పుస్తకం పేరులోనే చెప్పులు కుట్టడం ఉంది.

రంపె, ఆరె, గూటం

కుట్టుపని సామానులో పెద్దదిక్కు రంపె. వెడల్పాటి, పొట్టి ఇనుప అలుగు. అంచు కొంచెం గుండ్రంగా వంగి ఉంటుంది. వెనక చెక్క పిడి. మామూలు కత్తిని మనవైపు లాగి కోస్తాం, రంపెను మననుంచి ముందుకు తోస్తారు. దాని అసలు పని కోయడం కంటే చెక్కడం. రెండు తోళ్లు అతికే చోట అంచులు మందంగా ఉంటే కుట్టు ఉబ్బి నిలుస్తుంది, కాలికి ఒరుసుకుంటుంది. అందుకని కుట్టబోయే అంచును రంపెతో ఏటవాలుగా పలచన చేస్తారు. బండరాయి మీద తోలును ఎడమచేతి బొటనవేలితో నొక్కిపట్టి, కుడిచేత్తో రంపెను దాదాపు పడుకోబెట్టి తోస్తే కాగితం లాంటి పొర చుట్టుకుంటూ లేస్తుంది. కోణం రవ్వంత పెరిగితే తోలు చిల్లు పడుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ల చేత తుక్కు ముక్కల మీదనే దీన్ని నెలల తరబడి చేయిస్తారు. రంపె వాడి తగ్గినప్పుడల్లా సానరాయి మీద నీళ్లు చల్లి నూరి, చివర తోలు ముక్క మీదే రెండు సార్లు అటూ ఇటూ లాగుతారు.

ఆరె చెక్క పిడిలో బిగించిన ఉక్కు మొన. తిన్నటి ఆరె చిల్లు పొడవడానికి, కొసన చిన్న గాటు ఉన్న కొక్కెపు ఆరె దారం లాగడానికి. పేవ్‌మెంటు మీద ఎవరైనా చూడగలిగిన కుట్టు ఇదే. ఆరెను పైనుంచి గుచ్చుతారు. కింద ఉన్న చెయ్యి దారాన్ని గాటుకు తగిలిస్తుంది. ఆరె పైకి వచ్చేటప్పుడు దారాన్ని ఉచ్చుగా తెస్తుంది. పైనున్న దారం కొసను ఆ ఉచ్చులోంచి దూర్చి రెండు చేతులా లాగి బిగిస్తారు. కుట్టుమిషను వేసే ముడి కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. కింది చెయ్యి చూపు లేకుండా పనిచేస్తుంది, చెప్పు లోపలి భాగం కంటికి కనపడదు కాబట్టి. పని తెలిసిన చేతిని పోల్చుకోవాలంటే కుట్టు వరుసను కాదు, బిగింపును చూడాలి: అన్ని ముడులూ తోలు మందం నడుమన పడితే పైనా కిందా దారం సమంగా దిగి ఉంటుంది. ఒక్క ముడి పైకి తేలినా అక్కడ దారం ముందుగా అరిగిపోతుంది.

దారాన్ని పేటలుగా పురి వేసి, తేనెమైనం రుద్దుతారు. మైనం దారాన్ని తడినుంచి కాపాడుతుంది, చిల్లులో జారకుండా పట్టి ఉంచుతుంది. పాత చెప్పులకు దారమే ఉండేది కాదు, సన్నటి తోలు వారుతోనే కుట్టేవారు. తోలుతో తోలును కుడితే రెండూ కలిసి సాగుతాయి, కలిసి అరుగుతాయి. నైలాన్ దారం వచ్చాక గట్టిదనం పెరిగింది గానీ అది పాత తోలును రంపంలా కోస్తుంది. మరమ్మతు చేసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. మెత్తబడిన చెప్పుకు నైలాన్ వేయాల్సి వస్తే కుట్లు దూరంగా వేస్తారు.

గూటం చెక్కది, సుత్తి ఇనుపది. రెండింటి పనీ వేరు. నీళ్లలో నానబెట్టిన అడుగు తోలును గూటంతో బండ మీద ఎంత బాగా మోదితే పోగులు అంత దగ్గరపడి చెప్పు అంత మన్నుతుంది. ఇనుప సుత్తితో ఈ పని చేస్తే తోలు నలిగి చిట్లుతుంది. సుత్తి మేకులకే. ఇంకా కత్తెర, పట్టకారు, ఆకురాయి, గుండ్రటి చిల్లులు పొడిచే గొట్టపు ఉలి, చెక్క అచ్చులు, నీళ్ల గిన్నె. మూడు వైపులా మూడు పాదాలున్న ఇనుప దిమ్మ పాశ్చాత్య బూట్ల మరమ్మతుతో పాటు వచ్చిన సామాను. చెప్పు బోర్లా తొడిగి మేకు కొడితే మొన లోపల ఇనుముకు తగిలి వంగిపోయి కాలికి గుచ్చుకోదు. ఏ వైపు తిప్పినా మిగతా రెండు పాదాలూ దిమ్మకు కాళ్లవుతాయి. ఇంత తెలివైన వస్తువు ఇప్పటికీ ప్రతి చెప్పుల బడ్డీలోనూ కనిపించడం వింతేమీ కాదు.

ఈ పనిముట్లను తోలుపనివారు తామే చేసుకోరు. అలుగులు కమ్మరి కొలిమిలో, పిడులు వడ్రంగి చేతిలో తయారయ్యేవి. కమ్మరి కొలిమికి కావలసిన తిత్తి తిరిగి తోలువాడలోంచి వచ్చేది. కమ్మరి కొలిమి ఊళ్లో చల్లారితే రంపెకు పదును పెట్టే చోటు కూడా పోతుంది. ఇప్పుడు చాలామంది వాడే రంపె పాత లారీ పట్టాల ఇనుములోంచి సాగగొట్టినదో, రంపపు బ్లేడు ముక్క అరగదీసినదో.

కిర్రు చెప్పు

తెలుగునాట చేతితో కుట్టిన చెప్పుల్లో పేరు మోసింది కిర్రు చెప్పు. నడిస్తే కిర్రుకిర్రుమనడం దాని గుణమే కాదు, గొప్ప కూడా. అడుగు పొరలు పొరలుగా ఉంటుంది. బాగా మోది బిగించిన పొరల మధ్య తోలు తోలుతో ఒరుసుకునే చప్పుడే ఆ కిర్రు. పొరలు వదులైతే టపటపమంటుంది, జిగురు పెట్టి అతికిస్తే నోరు మూస్తుంది. బొటనవేలు దూర్చే పట్టీని ఉంగటం అంటారు. చెప్పు బరువంతా ఉంగటం మీద పడుతుంది కాబట్టి దాన్ని అడుగులోంచి దూర్చి, లోపల విడదీసి, పొరల మధ్య కుట్టేస్తారు. మామూలు దుకాణపు చెప్పు మొదట తెగేది ఇక్కడే. కిర్రు చెప్పు కొలతకు అచ్చులు వాడేవారు కాదు. కస్టమరు కాలు తోలు మీదే పెట్టించి, ఆరె మొనతో చుట్టూ గీసి, ఆ గీతకు లోపలగా ఎంత కోయాలో కంటితో తేల్చేవారు. కొత్త చెప్పు మొదటి వారం కరుస్తుంది. నూనె రాసి నాలుగు రోజులు నడిస్తే ఆ కాలికే అచ్చై, ఇంకొకరి కాలికి పనికిరాకుండా పోతుంది.

మహారాష్ట్ర, కర్ణాటకల కొల్హాపురి చెప్పులకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆంధ్రలో తోలు కళల్లో ఆ గుర్తింపు ముందే అందుకున్నది తోలుబొమ్మ. ఆ బొమ్మలకు వాడేది మేకతోలు, అదీ లందలో ముంచనిది.

పచ్చితోలు మోగుతుంది

లందలో పదునైన తోలు మోగదు. టానిన్ పట్టిన పోగులు మెత్తబడి కంపనాన్ని మింగేస్తాయి. వాద్యానికి కావలసింది వెంట్రుక తీసి, శుభ్రం చేసి, తడిగా లాగి ఎండబెట్టిన పచ్చితోలు. ఎండితే బిగుసుకుని అర్ధపారదర్శకమవుతుంది. అందుకే దీపం ముందు ఆడే తోలుబొమ్మకూ అదే కావాలి. అంటే వాద్యాలు చేసేవాళ్లకు లందతో పని లేదు, సున్నపు గొయ్యి, గీకుడు కత్తి చాలు. లందలు ఆగిపోయినా డప్పులు ఆగకపోవడానికి కారణం ఇదే.

డప్పు చట్రం చెక్కది. దాని అంచుకు చింతగింజల జిగురు పూసి, తడితోలు కప్పి, అంచుల్లో చిల్లులు పొడిచి వెనకవైపు తోలు వారుతో గుంజి కట్టి ఎండబెడతారు. వాయించే ముందు గడ్డి మంట దగ్గర కాచి శ్రుతి పెంచుతారు. డెల్టా గాలిలో తేమ ఎక్కువ. వానాకాలంలో డప్పు మాటిమాటికీ సొమ్మసిల్లుతుంది, కాచే మంట పక్కనే ఉండాలి. ఒక చేతిలో పొట్టి చిర్ర, ఇంకో చేతిలో పొడవాటి సన్న చిటికెన పుల్ల.

మృదంగం ఇంతకంటే నాజూకు పని. పనస కొయ్య గుల్లకు రెండు వైపులా రెండు మూడు రకాల తోళ్లు పొరలుగా బిగించి, గేదెతోలు వారుతో పొడవునా అల్లుతారు. కుడివైపు నల్లటి మచ్చను రాతి పొడితో, అన్నం ముద్దతో సన్నటి పొరలుగా రుద్ది రుద్ది ఆరబెడతారు. విజయవాడలో ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైన తరవాత ఈ ఊరు సంగీత విద్వాంసులకు నెలవైంది. ఆ కేంద్రంలో పనిచేసిన దండమూడి రామమోహనరావు మృదంగంలో ప్రసిద్ధుడు; ఆయన భార్య దండమూడి సుమతీ రామమోహనరావుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. విద్వాంసుల పేర్లు రేడియో రికార్డుల్లో నిలిచాయి. వారి మృదంగాలకు మూతలు వేసినవాళ్ల పేర్లు ఎక్కడా ఎక్కలేదు. తమిళనాట ఈ లోటును టి.ఎం. కృష్ణ 2020లో వెలువరించిన సెబాస్టియన్ అండ్ సన్స్ అన్న పుస్తకం కొంత పూడ్చింది. తెలుగులో అలాంటి పుస్తకం రావలసే ఉంది.

మొవ్వ మండలంలోని కూచిపూడి వల్ల తోలుకు ఇంకొక చిన్న గిరాకీ మిగిలింది: గజ్జెలు. నర్తకి కాలికి కట్టుకునే గజ్జెలను వరుసలుగా తోలు పట్టీ మీద కుడతారు. ఒక్క గజ్జె వదులైనా తాళం చెడుతుంది కాబట్టి ప్రతి గజ్జెకూ విడి ముడి వేసి బిగిస్తారు.

చేయి మార్చుకున్నవాళ్లు

ఈ విద్యంతా ప్రధానంగా మాదిగలది. ఉత్తరాంధ్రలో గొడారులది, పట్నాల్లో కొంత మోచీలది. గ్రంథాల్లో తోలుకూ, తోలుపనివారికీ గౌరవంగానే చోటు దొరికింది. బౌద్ధ వినయ గ్రంథం మహావగ్గలో తోలుకు ఒక అధ్యాయమే ఉంది, భిక్షువు ఎన్ని పొరల చెప్పు వేసుకోవచ్చో అందులో తేల్చారు. పాల్కురికి సోమనాథుడి బసవ పురాణంలో మాదర చెన్నయ్య భక్తుడిగా వెలుగుతాడు. జాషువా గబ్బిలం కావ్యంలో నాయకుడు అరుంధతీసుతుడు, అంటే మాదిగ. అయితే చెప్పు కుట్టిన చేతిని తాకరాదనే ఊరే ఆ చెప్పు తొడుక్కుంది. అగ్రవర్ణాల వీధిలో చెప్పులు కుట్టినవాళ్లే చెప్పులు విడిచి నడిచారు. గుంటూరు జిల్లా వేజెండ్లలో పుట్టిన కొలకలూరి ఇనాక్ రాసిన ఊరబావి కథ చచ్చిన గొడ్డు తోలునూ, ఊరి బావి నీళ్లనూ ఒకచోట చేర్చి ఈ వైరుధ్యాన్ని చూపిస్తుంది.

గాంధీ దక్షిణాఫ్రికాలో టాల్‌స్టాయ్ ఫారం రోజుల్లో తానే చెప్పులు కుట్టడం నేర్చుకుని, జనరల్ స్మట్స్‌కు ఒక జత పంపాడు. చచ్చిన పశువుల తోలుతో గ్రామ పరిశ్రమ నడపాలన్నది ఆయన కార్యక్రమం. అంబేడ్కర్ దారి వేరు. చచ్చిన గొడ్డును మోయడం మానుకోండి, దాన్ని అంటిపెట్టుకున్న హీనత్వం పోవాలంటే ఆ పనే వదలాలి అన్నాడు. డెల్టాలో చదువు, మిషన్ బళ్లు, రైల్వే కొలువులు, విజయవాడ పట్నం కూలి దారి చూపిన కొద్దీ జనం రెండో దారినే పట్టారు. చేతిపని అంతరించిపోతోందని బాధపడే వ్యాసాలు ఈ సంగతిని పక్కన పెడతాయి. లంద మూసిన ప్రతి ఇంటికీ దాన్ని మూయడానికి కారణం ఉంది, చాలా సందర్భాల్లో అది మంచి కారణం. విద్య పోవడం నష్టం. దాన్ని తప్పనిసరిగా మోసే బతుకు పోవడం నష్టం కాదు. డప్పు విషయంలో మలుపు ఇంకో రకంగా తిరిగింది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి డప్పునే తన గుర్తుగా ఎత్తుకుంది. వెట్టిగా మోగించిన వాద్యం హక్కు అడిగే సభల్లో మోగింది.

ఇప్పటి బడ్డీ

రెక్సిన్, రబ్బరు, పీయూ అడుగులు వచ్చాక రంపెకు పని తగ్గి, ఆరెకు పెరిగింది. ఇప్పుడు ఆరె కుట్టేది తోలు కంటే బడి సంచులు, సూట్‌కేసు పట్టీలు, హెల్మెట్ బెల్టులు, తెగిన జిప్పులు. టైరు ముక్కతో అడుగు వేయడానికి రంపె బదులు కత్తితో కోస్తారు. అతుకు కోసం రబ్బరు సొల్యూషన్ డబ్బా వచ్చి చేరింది. అతికించి కుట్టినది మన్నుతుంది, అతికించి వదిలేసినది వానకు విడిపోతుంది. కస్టమరు తొందర పడితే చాలావరకు రెండోదే జరుగుతుంది. పల్లెల్లో చేతిపంపుల తోలు వాషర్లు కొన్నాళ్లు ఆదుకున్నాయి, తరవాత అక్కడా రబ్బరు వచ్చింది.

ప్రభుత్వం వైపు నుంచి 1973లో ఏర్పడిన తోలు పరిశ్రమల అభివృద్ధి సంస్థ లిడ్‌క్యాప్ శిక్షణ కేంద్రాలూ, పల్నాడులోని అడిగొప్పుల వంటి చోట్ల చిన్న తోలు పార్కులూ తలపెట్టింది. పరిశోధన చెన్నై అడయారులో 1948లో మొదలైన కేంద్ర తోలు పరిశోధన సంస్థది. 2023 సెప్టెంబర్ 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో చెప్పులు కుట్టడం ఒకటి. పనిముట్ల కోసం రూ. 15,000, శిక్షణ రోజుల్లో రోజుకు రూ. 500 ఇస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 40 ఏళ్లు దాటిన సంప్రదాయ చర్మకారులకూ, 50 దాటిన డప్పు కళాకారులకూ నెలవారీ పింఛను ఉంది. 2024 నుంచి అది రూ. 4,000. పింఛను వృద్ధులకు ఆసరా అవుతుంది గానీ రంపె పట్టడం కొత్తవాళ్లకు నేర్పదు. హైదరాబాద్‌లో ఉన్న పాదరక్షల డిజైన్ సంస్థలో నేర్పేది కంప్యూటరు మీద అచ్చు గీయడం, మిషను మీద కుట్టడం. ఆరెతో ముడి వేయడం నేర్చుకోవాలంటే ఇప్పటికీ బడ్డీ పక్కన కూర్చోవలసిందే. తండ్రి దగ్గర నేర్చినవాళ్లు తమ పిల్లలను ఆ పక్కన కూర్చోబెట్టడం లేదు.